కళ్ళం దిబ్బ మీద పేదల వాటా

టౌన్ ప్లానింగ్‌లో ఉద్యోగం వచ్చిందని స్వీటు డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చే పిల్లలు ముందుగా అడిగేది ఒకటే. "మేడమ్, రూల్సన్నీ కంఠతా రావాలా?" అని. అక్కర్లేదమ్మా. రూల్సు పుస్తకంలో ఉంటాయి. మారితే జీవో వస్తుంది, మళ్ళీ మారితే మళ్ళీ వస్తుంది. కంఠతా పట్టి ఏం చేస్తారు?

నేను గుడివాడలో ఉద్యోగంలో చేరాను. కొన్నాళ్ళు దివిసీమ చుట్టూ తిరిగాను. బందరులో రిటైరయ్యాను. నా ప్రమోషన్లు ఎవరు అడ్డుకున్నారో, ఏ బదిలీ వెనక ఎవరున్నారో మా చుట్టాలందరికీ చెప్పి చెప్పి, నన్ను చూస్తేనే వాళ్ళు పక్క గదిలోకి వెళ్ళిపోయేలా చేసుకున్నాను. కాబట్టి ఆ గోల ఇక్కడ ఎత్తను. ఒక్క రూలు గురించి మాత్రం రాస్తాను. పెద్ద లేఅవుట్ వేసేవాళ్ళు అందులో కొంత భాగం పేదవాళ్ళకి వాళ్ళు కొనుక్కోగలిగే ధరకి ఇవ్వాలన్న రూలు అది. ఫైళ్ళలో దాన్ని ఈడబ్ల్యూఎస్ వాటా అంటారు. మేం పేదల వాటా అనేవాళ్ళం. నా ఉద్యోగంలో నాకు ఎక్కువ శత్రువుల్ని తెచ్చిపెట్టిన రూలు ఇదే. నాకు బాగా నచ్చిన రూలు కూడా ఇదే.

శేషగిరిరావు గారి పాఠం

గుడివాడలో నా మొదటి ఆఫీసరు శేషగిరిరావు గారు. సన్నటి మనిషి, పంచెకట్టు, కోపం వస్తే గొంతు తగ్గేది. నేను చేరిన వారంలోనే నన్ను జీపెక్కించి కోడూరు దగ్గర ఒక కాలనీకి తీసుకెళ్ళారు. తుఫానులో ఇళ్ళు పోయినవాళ్ళకి కట్టిన కాలనీ. ప్లాను చూస్తే ముచ్చటేస్తుంది. గీత గీసినట్టు తిన్నటి వీధులు, ఒకే కొలత స్థలాలు. వీధులు మాత్రం మెరకలో ఉన్నాయి, ఇళ్ళు పల్లంలో ఉన్నాయి. ఒక ముసలాయన గుమ్మంలో నిలబడి తట్టతో ఇంట్లో నీళ్ళు వీధిలోకి తోడుతున్నాడు. అవి మళ్ళీ ఇంట్లోకే వస్తున్నాయి.

"ఈ ప్లాను గీసిన మేధావి ఎవరు సార్?" అన్నాను, కొత్త ఉద్యోగం పొగరుతో.

"నేనేనమ్మా," అన్నారాయన, గొంతు బాగా తగ్గించి. "ఏరియా చూశాను, రోడ్డు వెడల్పు చూశాను. నీళ్ళెటు పోతాయో చూడలేదు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళనీ ఇక్కడికి తీసుకొస్తాను. నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి, గుర్తుంచుకుంటే చాలు."

మన కృష్ణాజిల్లా దిగువన భూమి చాప పరిచినట్టుంటుంది. అరచెయ్యి ఎత్తు తేడా ఉన్నా ఒకడు పొడిగా పడుకుంటాడు, పక్కవాడు మంచం మీద బియ్యం బస్తా పెట్టుకుని కూర్చుంటాడు. ఆ అరచెయ్యి ఎత్తు ఏ ప్లానులోనూ కనిపించదు. మీ సీనియర్లు చెప్పకపోతే నేను చెప్తున్నాను, వానాకాలంలో ఒకసారి సైటుకి వెళ్ళకుండా ఏ లేఅవుట్ మీదా సంతకం పెట్టకండి.

వాటా ఎక్కడిస్తారు

పేదల వాటా ఇవ్వకుండా తప్పించుకునే పద్ధతులు నేను చాలా చూశాను. ఒకాయన తన డ్రైవరు పేరు, వంటమనిషి పేరు, వాచ్‌మన్ పేరు రాసి, వీళ్ళంతా పేదవాళ్ళే కదండీ అన్నాడు. నిజమే, పేదవాళ్ళే. వాళ్ళ పేరు మీద స్థలం ఉన్నట్టు వాళ్ళకే తెలియదు. ఇంకొకాయన నిక్షేపంగా స్థలం వదిలాడు, దానికి దారి వదలడం మర్చిపోయాడు.

ఇవి దొంగతనాలు, పట్టుకోవచ్చు. పట్టుకోలేనిది ఇంకొకటుంది. రూలు ఎంత ఇవ్వాలో చెప్తుంది, ఎక్కడ ఇవ్వాలో గట్టిగా చెప్పదు. కాబట్టి వాటా ఎప్పుడూ మురుగు డ్రెయిన్ పక్కనో, కరెంటు లైన్ల కిందో తేలుతుంది. నా సర్వీసు మొత్తంలో ఒక్క లేఅవుట్‌లో మాత్రం పేదల వాటా మంచి మెరకలో పడింది. మంచితనం వల్ల కాదులెండి, వాస్తు వల్ల.

ఈశాన్యం మెరక

బందరు శివార్లలో నాగభూషణం గారని ఒక రియల్ ఎస్టేట్ ఆయన వరిచేలు కొని లేఅవుట్ వేశారు. మనిషి మర్యాదస్తుడు, ఎప్పుడు కనిపించినా "మేడం గారండీ, కాఫీ తాగారా?" అని అడిగేవారు. ఆ చేలకి ఈశాన్యం మూల పాత కళ్ళం ఉంది. తెలియని పిల్లల కోసం చెప్తున్నాను, కళ్ళం అంటే కుప్పలు నూర్చుకునే చోటు. ధాన్యం తడవకూడదు కాబట్టి రైతులు తరాల తరబడి మట్టి పోసి దాన్ని ఎత్తుగా ఉంచుకుంటారు. ఆ ఊళ్ళో దాన్ని కళ్ళం దిబ్బ అంటారు.

నాగభూషణం గారు దిబ్బ తవ్వించి, ఆ మట్టి పల్లంలో పోయిద్దామనుకున్నారు. సిద్ధాంతి గారు వద్దన్నారు. పాత దిబ్బ, లోపల ఎముకలుంటాయి, శల్యదోషం, చెయ్యి పెట్టొద్దు అన్నారు. పోనీ అలాగే ఉంచి ప్లాట్లు వేద్దామంటే, ఈశాన్యం పల్లంగా ఉండాలి గాని మెరక ఉండకూడదు, లేఅవుట్ మొత్తానికీ అరిష్టం అన్నారు. తవ్వకూడదు, ఉంచుకోకూడదు. మరేం చెయ్యాలండీ అంటే, విడదీసి ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు.

ఎవరికైనా అంటే ఎవరికి? పేదలకి!

నాగభూషణం గారు ఎంతో సంతోషంగా దిబ్బని ఈడబ్ల్యూఎస్ వాటాగా చూపించారు. వాయవ్యం మూల, డ్రెయిన్ పక్కనున్న పల్లంలో పార్కు చూపించారు. నేను వానలో వెళ్ళి చూసొచ్చాను. నా కళ్ళని నేనే నమ్మలేకపోయాను. నోరు మూసుకుని సంతకం పెట్టేశాను.

మిగతా ప్లాట్లు టీచర్లు, బ్యాంకు వాళ్ళు, గుమాస్తాగిరీ చేసి రిటైరైనవాళ్ళు కొనుక్కున్నారు. అందులో మా మేనమామ కొడుకు రామం బావ ఒకడు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. జీవితమంతా దాచింది పోసి ఇల్లు కట్టుకున్నాడు. దిబ్బ మీద స్థలాలు లాటరీ తీసి ఇచ్చారు. వచ్చినవాళ్ళలో చాలామంది చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పని చేసుకునేవాళ్ళు. వాళ్ళలో ఒకామె సువార్తమ్మ, గాజులకీ నెక్లెసులకీ రాళ్ళు అతికేది. భర్త ఇమ్మానుయేలు ఆటో తోలేవాడు. ఈశాన్యం మెరకమ్మా, నీకేం భయం లేదా అని ఎవరో అడిగితే, "ప్రార్థన చేసుకుని దిగుతామండి. మెరక అయితే మంచిదే కదండి!" అందిట. లాటరీ అయితే అయింది గాని, నాగభూషణం గారు ఇవాళా రేపూ అంటూ రిజిస్ట్రేషన్లు చెయ్యలేదు. ఆ ఆలస్యమే కొంప మీదికి తెచ్చింది.

వాన తర్వాత

ఆ ఏడు వాయుగుండం పట్టి వాన వదల్లేదు. డ్రెయిన్ ఎగదన్నింది. లేఅవుట్‌లో మోకాలి లోతు నీళ్ళు. రామం బావ ఇంట్లో కొత్త సోఫాలు తేలాయి. అద్దె గదులు మునిగిన సువార్తమ్మావాళ్ళు ఎటూ పోలేక తమ దిబ్బ మీదికొచ్చి టార్పాలిన్లు కట్టుకున్నారు. కింద మేడల్లో వాళ్ళు కిటికీల్లోంచి చూస్తున్నారు, పైన పొయ్యి వెలుగుతోంది, పొగ లేస్తోంది. అప్పుడు అందరికీ తెలిసింది మెరక ఎవరికి పోయిందో.

నీళ్ళు తీసిన వెంటనే నా టేబుల్ మీదికి రివైజ్డ్ ప్లాన్ వచ్చింది. దిబ్బ మీద పార్కట. డ్రెయిన్ పక్కన, పార్కు ఉండాల్సిన పల్లంలో పేదల వాటాట. మరి అరిష్టం ఏమైందండీ అని నాగభూషణం గారిని అడిగాను. దిబ్బ మీద చిన్న గుడి కట్టి చుట్టూ పార్కు పెడితే దోషం పోతుందని సిద్ధాంతి గారు సెలవిచ్చారట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పై ఆఫీసరుకి ఫోన్ చేశాను. "ఏరియా సరిపోయింది, రోడ్డు సరిపోయింది, ఇంకేం కావాలమ్మా మీకు?" అన్నాడు. నిజంగానే రూలు ప్రకారం నా దగ్గర ఏమీ లేదు. రిజిస్టర్ కాలేదు కాబట్టి స్థలాలు ఇంకా వాళ్ళవి కావు.

ఆ సాయంత్రం రామం బావ మా ఇంటికొచ్చాడు. "చూడవే సీతా, మేం కష్టార్జితం పోసి కొనుక్కున్నాం. వాళ్ళకి ఇంచుమించు ఊరికే వచ్చింది. పార్కయితే నీళ్ళొచ్చినప్పుడు కార్లయినా అక్కడ పెట్టుకుంటాం. వాళ్ళకేం, ఎక్కడిచ్చినా సంతోషమే."

నాకు చిర్రెత్తుకొచ్చింది గాని, అతని మాటలో అబద్ధం లేదు. అతని కష్టార్జితం నిజం, మునిగిన ఇల్లూ నిజమే. ఇలాంటి ఫైళ్ళలో అవతల దుర్మార్గుడు ఉంటాడనుకోకండి. మన చుట్టాలే ఉంటారు.

అంతకన్నా నన్ను కుంగదీసింది మర్నాడు సువార్తమ్మ ఆఫీసుకొచ్చి అన్న మాట. "ఎక్కడో ఒకచోట ఇప్పించెయ్యండమ్మగారూ. మీరు కాదంటే నాగభూషణం గారు కోర్టుకెళ్తానంటున్నారు. మేం ఇంకెన్నాళ్ళు అద్దెలు కడతాం? పల్లమైతే పల్లమే, రిజిస్ట్రేషన్ అయితే చాలండి."

కూర్చోమన్నాను, కూర్చోలేదు. నేను మొండికేస్తే నా జీతం ఆగదు. వాళ్ళ ఇల్లు ఆగుతుంది. నాకు నిజంగా భయమేసింది. మీకూ ఇలాంటి రోజు వస్తుంది. మన ధైర్యానికి డబ్బు కట్టేది వేరేవాళ్ళయినప్పుడు ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

పల్లంలో మీటింగు

అందర్నీ సైటుకి రమ్మన్నాను. ఆఫీసులో అయితే ప్లాను చూసి మాట్లాడతారు, సైటులో అయితే కాళ్ళ కింద నేల చూసి మాట్లాడతారు. డ్రెయిన్ పక్కన పల్లంలో నిలబడ్డాం. వాన వెలిసి చాలా రోజులైనా చెప్పులు బురదలో దిగుతున్నాయి. నాగభూషణం గారు, రామం బావతో పాటు ప్లాట్ల అసోసియేషన్ పెద్దలు ఒక పక్క. సువార్తమ్మ, ఇమ్మానుయేలు, లాటరీ తగిలిన మిగతావాళ్ళు ఇంకో పక్క.

"నాదొక్కటే షరతండీ," అన్నాను. "స్థలం మార్చుకోండి. కాని ఇప్పుడు వాళ్ళకున్న దిబ్బ ఎంత ఎత్తుందో, ఇక్కడ అంత ఎత్తుకి మెరక తోలించి ఇవ్వండి. పేదవాళ్ళు ఉండటానికి పనికొచ్చే స్థలం ఇవ్వాలి కదా, మరి పనికిరావాలిగా."

ఖర్చుకి జడిసి వెనక్కి తగ్గుతారని నా ఆశ. నాగభూషణం గారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఓస్, అంతేనా మేడం గారండీ! చేపల చెరువులు తవ్విన మట్టి బోలెడుంది. నెలలో తోలించేస్తాను," అన్నారు.

నా దగ్గరున్న ఒక్క ఆయుధం అయిపోయింది. అంతలో రామం బావ ముందుకొచ్చాడు.

"ఆగండాగండి. ఇక్కడ మెరక తోలిస్తే ఎలాగండీ? మా వీధుల్లో నీళ్ళన్నీ ఇటే కదా వచ్చేది? ఇది మూసేస్తే మా నీళ్ళెటు పోతాయి? ఈసారి నడుముల్లోతు వస్తాయి! ఒద్దొద్దు, ఇది ఇలాగే పల్లంగా ఉండాలి."

అసోసియేషన్ వాళ్ళందరూ అవునవునన్నారు.

నేను ఆఫీసు పనిలో ఎప్పుడూ చుట్టరికం వాడలేదు. ఆ రోజు వాడాను. "అంటే ఆ నీళ్ళలో వీళ్ళుండాలా బావా?" అన్నాను.

బావ మొహం ఎర్రబడింది. "నేనలా అనలేదే," అన్నాడు.

"మరెలా అన్నావు?"

పాపం, లెక్కల మాస్టారు, తప్పు ఎక్కడొచ్చిందో అతనికే ముందు తెలిసింది. అప్పుడు సువార్తమ్మ కొంగు నడుముకి దోపుకుని మాట్లాడింది. ఆఫీసులో పల్లమైనా చాలన్న మనిషేనా అనిపించింది. "నాకీ పల్లం వద్దండి. కోర్టుకెళ్తే వెళ్ళనివ్వండి. నా లాటరీ దిబ్బ మీద తగిలింది. అక్కడే ఇవ్వండి," అంది. వెనకున్నవాళ్ళు కూడా అదే అన్నారు.

నేనేదో ముందే ఆలోచించి మహా ఎత్తు వేశానని తర్వాత ఆఫీసులో చెప్పుకున్నారు. ఒట్టి అబద్ధం. నీళ్ళెటు పోతాయన్న ప్రశ్న శేషగిరిరావు గారి దగ్గర నేర్చుకున్న నాకు ఆ పూట తట్టలేదు, బావకి తట్టింది. ఆయన నేర్పిన పద్ధతి మాత్రం పనికొచ్చింది. అందర్నీ నేల మీద నిలబెట్టాను, మిగతాది నేల చూసుకుంది.

రివైజ్డ్ ప్లాన్ వెనక్కి వెళ్ళిపోయింది. ప్లాట్లవాళ్ళే వద్దన్నాక నాగభూషణం గారికి కోర్టుకి వెళ్ళే ఓపికా లేదు. దిబ్బ మీద రిజిస్ట్రేషన్లు అయ్యాయి. పై ఆఫీసరు నాతో మాటలు తగ్గించాడు. రామం బావ పూర్తిగా మానేశాడు. వాళ్ళ మనవరాలి పుట్టినరోజుకి మమ్మల్ని పిలవలేదు. ఏడ్చాను కూడా. చిన్నప్పుడు నాకు సైకిల్ నేర్పింది బావే.

గేటు

నేను రిటైరయ్యాక లేఅవుట్ వాళ్ళు దిబ్బకి వెళ్ళే వీధికి అడ్డంగా ఇనుప గేటు పెట్టి తాళం వేశారు. దిబ్బ మీదివాళ్ళు వెనకున్న బోదె, అంటే చిన్న పంటకాలవ, గట్టు మీదుగా తిరిగి వెళ్ళాలి. లేఅవుట్ అప్రూవ్ అయ్యాక వీధులు అందరివీ, అలా గేటు పెట్టడం తప్పు. నాకు తెలిసినవాళ్ళందరికీ చెప్పాను. రిటైరైన మనిషి మాట వినేదెవరు? చూస్తామండీ అన్నారు, చూడలేదు. రూలు పేదవాడికి స్థలం ఇప్పించగలదు. పక్కింటివాడి చేత పలకరింపు ఇప్పించలేదు. అది తెలిసే ఉద్యోగంలోకి రండి.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ అలాంటి వానే వచ్చింది. పొద్దున్నే ఫోన్ మోగితే రామం బావ. ఎన్నాళ్ళకో విన్న గొంతు. "సీతా, ఇంట్లోకి నీళ్ళొచ్చేశాయే. మీ అక్కయ్యకి మోకాళ్ళ ఆపరేషన్ అయింది, నడవలేదు. గేటు దాకా మోసుకొచ్చాం. తాళంచెవి అసోసియేషన్ సెక్రటరీ దగ్గరుంది, ఆయన పెళ్ళికని ఉయ్యూరు వెళ్ళాడు!" అక్కయ్య అంటే బావ భార్య, రాజ్యం అక్కయ్య. నేను సువార్తమ్మకి ఫోన్ చేశాను. ఆమె సగం విని పెట్టేసింది. ఇమ్మానుయేలు, ఇంకో ఇద్దరూ గునపాలు తెచ్చి అటువైపు నుంచి గేటు బందులు ఊడదీశారు. అక్కయ్యని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దిబ్బ మీదికి మోసుకెళ్ళారు. ఆ వీధిలో ఇంకా చాలామంది వాళ్ళ వెనకే ఎక్కారు.

దారి తేలాక నేను వెళ్ళాను. సువార్తమ్మ ఇంట్లో అక్కయ్య మంచం మీద కాళ్ళు చాపుకుని, గాజులకి రాళ్ళెలా అతకాలో నేర్చుకుంటోంది. బావ గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఇంటి నాలుగు వైపులా చూశాడు, కింద నీళ్ళ వైపు చూశాడు.

"మంచి మెరకే," అన్నాడు. "ఆ రోజు నువ్వొప్పుకునుంటే ఇదంతా మాకు పార్కయ్యేదే."

"అయ్యేది బావా," అన్నాను. "గడ్డుండేది, బెంచీలుండేవి. ఈ కప్పుండేది కాదు, ఈ పొయ్యుండేది కాదు. నువ్వూ అక్కయ్యా వానలో బెంచీ మీద కూర్చునేవాళ్ళు."

అక్కయ్య పకపకా నవ్వింది. బావ నవ్వలేదు. గ్లాసు కింద పెట్టాడు. "గేటు మళ్ళీ పెట్టొద్దని మీటింగులో చెప్తాను," అన్నాడు.

చెప్పాడు. అందరి ముందూ లేచి నిలబడి చెప్పాడు. చేతులెత్తమన్నారు, బావ ఓడిపోయాడు. గేటు మళ్ళీ పెట్టారు. తాళంచెవి మాత్రం, మళ్ళీ నీళ్ళొస్తే తియ్యడానికని, ఇప్పుడు సువార్తమ్మ ఇంట్లో ఉంటోంది.